పిడి ఎత్తు

మా ఆయన మెడపూసలు అరిగిపోయాయని, ఇక మీదట నెత్తిన బరువు పెట్టకూడదని అమలాపురంలో డాక్టరు చెప్పిన వారానికే మా దాళ్వా చేను, అంటే రెండో పంట వరి, కోతకొచ్చింది. కోత మిషను వచ్చి ఒక్క పూటలో కోసేసి పోయింది. రెండు రోజులు ఎండనిచ్చాక గడ్డి చుట్టే మిషను వచ్చి, చేలో వరసలుగా పడున్న గడ్డిని మింగి డెబ్భై రెండు చుట్టలు కక్కి అదీ పోయింది. ఆ చుట్టలన్నీ చేలోంచి పశువుల పాకలోకి రావాలి. ఆయన నెత్తికి ఒక్కటి కూడా తగలకుండా రావాలి. నా మీద పడిన పని అది.

గడ్డిచుట్ట చూడని వాళ్ళకి చెబుతాను. చాప చుట్టి పడుకోబెట్టినట్టు ఉంటుంది. రెండు మూరల పొడుగు, మూరన్నర లావు, చుట్టూ పురికొస. బాగా ఆరిన చుట్టని ఆడమనిషి లేపగలదు కానీ లేపి నడవలేదు. రెండు చేతులా కావలించుకుంటే కాళ్ళ ముందు ఏముందో కనపడదు. ఈడ్చుకుపోతే పురికొస తెగి గడ్డంతా దారిపొడవునా రాలిపోతుంది. నెత్తిన పెట్టుకోవడం ఒక్కటే తేలిక. నా భయమంతా ఆ తేలికతోనే.

డాక్టరు కుర్రవాడు. ఫిల్ముని వెలుతురుకేసి పెట్టి, "ఇదిగోండి తాతగారూ, నరం ఇక్కడ నలుగుతోంది. కుడిచెయ్యి తిమ్మిరెక్కుతోందన్నారు కదా, అందుకేనండి. ఇంక మోపులూ బస్తాలూ నెత్తిన పెట్టేరంటే చెయ్యి పడిపోయినా పడిపోద్ది" అన్నాడు.

"ఆయ్" అన్నారు ఈయన.

"వంగుని బరువులు లేపకూడదు కూడానండి."

"ఆయ్, అలాగేనండి."

"ఈ పట్టీ మెడకి ఎప్పుడూ ఉండాల."

"ఆయ్."

నలభయ్యారేళ్ళ కాపురంలో ఆ ఆయ్ ఎలాంటిదో నాకు తెలుసు. ఎదటి మనిషి మాట తొందరగా అయిపోతే లేచి వెళ్ళిపోదామని అనే ఆయ్ అది. డాక్టరు మాత్రం సంతోషించాడు. బస్సెక్కి కూర్చోగానే ఈయన మెడపట్టీ విప్పి ఒళ్ళో పెట్టుకున్నారు. "చెమటొస్తందే" అన్నారు. మా ఊరి సెంటరు వచ్చేదాకా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నారు. దారిపొడవునా చేలల్లో గడ్డిచుట్టలే.

ఒకటి చెప్పాలి. మా ఊళ్ళో గడ్డిమేటు వెయ్యడంలో ఆయన తరవాతే ఎవరైనా. కాళ్ళతో తొక్కుతూ, చుట్టూ తిరుగుతూ, అడుగున సన్నంగా, నడుము దగ్గర లావుగా, మళ్ళీ పైకి గోపురంలా తెచ్చి, పైన కొబ్బరాకులు కప్పి తాడు దించేవారు. ఆయన వేసిన మేటు మీద ఎంత వాన పడినా లోపలికి జానెడు దిగేది కాదు. పెద్ద పెద్ద రైతులు కూడా, "మేటు కట్టడానికి రండి బావగారూ" అని కబురు పెట్టేవారు. వెళ్ళి, మేటు మీదనుంచే అందరి మీదా పెత్తనం చేసి, భోజనం చేసి వచ్చేవారు. నడుముకి కండువా బిగించి మేటు మీద నిలబడితే ఆయనకి ఊరంతా కిందే ఉన్నట్టుండేది.

కోత మిషన్లు వచ్చాక విడిగడ్డి పోయింది. విడిగడ్డి పోయాక మేటు పోయింది. చుట్టల్ని ఇటికల్లా పేర్చి పైన బరకం కప్పడమే. దానికి ఎవరూ ఎవర్నీ పిలవరు. ఆయన మొదటిసారి గడ్డిచుట్టని చూసి కాలితో ఒక్కసారి దొర్లించి, "ఇది గడ్డి కాదే, మిషను పెంట" అన్నారు. అయినా మొయ్యడం మానలేదు. మేటు పోయినా మోత మిగిలింది కదా. మూడేళ్ళు చుట్టలన్నీ ఆయన నెత్తి మీదే వచ్చాయి. పాత చీరపేలికలతో నేనే చుట్టిచ్చిన చుట్టకుదురు ఉండేది, పాకలో దూలానికి వేలాడేది. దాన్ని నెత్తిన పెట్టి, పైన గడ్డిచుట్ట పెట్టి, రెండు చేతులూ వదిలేసి నడిచేవారు.

ఇప్పుడు అది కుదరదు. మరి దేంతో తేవాలి?

మొదట ట్రాక్టరతని దగ్గరికి వెళ్ళాను. పూర్వం మా చేలదాకా పుంత ఉండేది. రెండెడ్ల బళ్ళు రెండు ఎదురెదురుగా వచ్చినా తప్పుకునే అంత వెడల్పు. తరవాత రెండు పక్కలా చేపల చెరువులు తవ్వారు. ఏడాదికోసారి గట్లు ఎత్తు చెయ్యడం, ఎత్తు చేసినప్పుడల్లా పుంతలోకి ఒక మూర జరగడం. ఇప్పుడు ఆ పుంత మోటారు సైకిలు పట్టేంత గట్టు.

"నా ట్రక్కు అక్కడికి రాదండి పిన్నిగారు" అన్నాడు ట్రాక్టరతను. "అటు దిగితే బొచ్చెలండి, ఇటు దిగితే శీలావతులండి. మీ గడ్డీ పోద్ది, నేనూ పోతాను. మీరు చుట్టలు రోడ్డు మీదకి తెచ్చి పడెయ్యండి, అక్కణ్ణించి నేను తెత్తాను."

"రోడ్డు మీదకి తెచ్చేదాన్ని ఇంటికి తెచ్చుకోలేనా? ఇల్లే దగ్గర."

"ఆయ్, అదీ నిజవేనండి" అని నవ్వాడు.

ట్రాలీ ఆటో అతను పుంత మొదట్లో నిలబడి చూసి తల అడ్డంగా ఊపి వెళ్ళిపోయాడు. కూలీలని అడిగాను. చుట్టలు మొయ్యమంటే దురద అన్నారు, కొబ్బరికాయల దింపు ఉందన్నారు, ఎల్లుండి వస్తామన్నారు. ఆ ఎల్లుండి రాదని నాకూ తెలుసు, వాళ్ళకీ తెలుసు. పాల కేంద్రం అతని దగ్గర క్యాన్లు తోసే రెండు చక్రాల బండి ఉంటే బతిమాలి తెచ్చి, వట్టి బండిని తోసుకుంటూ వెళ్ళాను. గట్టు మీద బాగానే నడిచింది. మా కొబ్బరితోట అంచున పెద్ద నీళ్ళ బోదె ఉంది. దాని మీద వంతెన అంటే, గాలివానకి విరిగిన కరెంటు స్తంభాలు రెండు పక్కపక్కన పడేసి ఉంటాయి, అంతే. రెండూ కలిపి మూరకి తక్కువ. బండి రెండో చక్రానికి చోటు లేదు. అక్కడిదాకా తోసుకెళ్ళిన బండిని వెనక్కి తోసుకొచ్చి ఇచ్చేశాను.

మా కోడలు ఫోనులో ఏవో దేశాలవి చూపించింది. అక్కడ ఒక్కో గడ్డిచుట్ట మా పాకంత ఉంది. ట్రాక్టరు ముందు పెద్ద ఇనపముల్లు. అది చుట్ట నడిమధ్యన గుచ్చుకుని పైకి లేపింది. దొర ఒకడే కూర్చుని నడుపుతున్నాడు.

"మావయ్యగారండి, చూడండి, వాళ్ళకి మెడనొప్పే రాదు" అంది.

ఆయన కళ్ళజోడు పెట్టుకుని చూశారు. "మనకీ ముల్లుంది కదమ్మా, కొబ్బరికాయలు ఒలిచే గునపం. చుట్టని గుచ్చి లేపమని మీ అత్తగారికి చెప్పు" అన్నారు.

"గునపానికి గుచ్చితే గడ్డి కూడా పీచవుద్దేమోనండి."

"అవనీ. మీ అత్త పారేత్తదా? తాడు పేనుద్ది."

ముగ్గురం నవ్వాం. ఆయన నవ్వినప్పుడు కుడిచేతి వేళ్ళు ఎడంచేత్తో నలుపుకుంటున్నారు. నేను అది చూశాను. ఆయన నేను చూడడం చూసి చెయ్యి కండువా కింద పెట్టేసుకున్నారు.

సాయంత్రం కొబ్బరితాడు ఒకటి తీసుకుని చేలోకి వెళ్ళాను. చదువు మూడో తరగతితో ఆగిపోయింది, టేపుల్లో అంకెలు నాకు నమ్మకం కుదరదు. చుట్ట పొడుగుకి ఒక ముడి వేశాను. లావుకి ఒక ముడి. స్తంభాల వంతెన వెడల్పుకి ఒకటి. గట్టు మలుపు తిరిగే చోట ఎంత జాగా ఉందో దానికి ఒకటి. పాక గుమ్మానికి ఒకటి. మర్నాడు పొద్దున్నే ఆ తాడు చుట్టుకుని, అటక మీదున్న పాత స్కూటరు చక్రం, తీసేసిన కిటికీ ఊచలు గోనెసంచిలో వేసుకుని మలికిపురంలో వెల్డింగు షాపుకి వెళ్ళాను.

"ఏం చెయ్యాలండి అమ్మగారు?" అన్నాడు షాపతను.

"ఒంటిచక్రం బండి. ముందు చక్రం, వెనక రెండు పిడులు. మధ్యలో చుట్ట పడుకోవాలి, దొర్లకూడదు. తొట్టిలా వద్దు, ఉయ్యాలలా ఉండాలి."

తాడు పరిచి ఒక్కో ముడీ చెప్పాను. అతను తలగోక్కుని, "ఇంజినీరులు కూడా ఇలా కొలిచి తేరండి" అన్నాడు. కొత్త ఇనుము తియ్యబోతే నా సంచి చూపించాను. "ఈ ఊచలు తుప్పండి" అన్నాడు. గీకమన్నాను. స్టూలు మీద కూర్చుని అతను గీకేదాకా చూశాను.

మధ్యాహ్నానికి బండికి ఒక రూపం వచ్చింది. చక్రం పెట్టి, ఊయల కట్టి, కాళ్ళు అతికించి, పిడులకి పైపు ముక్కలు చేతిలోకి తీసుకుని అడిగాడు.

"ఎవరు తోల్తారండి దీన్ని?"

"ఎందుకు?" అన్నాను.

"ఎందుకంటే పిడి ఎత్తు మనిషిని బట్టి పెట్టాలండి. పొట్టిగా ఉంటే పొడుగు మనిషికి నడుం పోద్ది. పొడుగ్గా ఉంటే పొట్టి మనిషికి భుజాలు పోతాయి."

నేను లేచి నిలబడి చేతులు కిందికి వదిలాను. నా పిడికిళ్ళు ఎక్కడికొచ్చాయో అక్కడికి అతను సుద్దతో గీత గీశాడు.

"అయ్యగారు కూడా తోల్తారాండి? అలాగైతే బోల్టులు పెడతానండి. పైపులో పైపు. పైకి కావాలంటే పైకి, కిందికి కావాలంటే కిందికి. నాలుగు బోల్టులండి, ఒక గంట పని."

"ఎందుకు దండగ? అతికించెయ్యి" అన్నాను.

పొదుపన్నది పైకి చెప్పిన మాట. ఆయన వంగుని తోలకూడదు, డాక్టరే చెప్పాడు. నిలబడి తోలేలా పెడితే తోలడం మొదలుపెడతారు, తోలడం మొదలుపెడితే మొయ్యడం ఎంతసేపు? నా ఎత్తుకే అతికించేస్తే ఇక మాటే ఉండదు. మనిషితో చెప్పాల్సింది ఇనుముతో చెప్పించాను. ఆ పని నేను తెలిసే చేశాను. తెలియక చేశానని ఎవరితోనూ అనను.

బండి ఆటోలో వేయించుకుని ఇంటికి తెచ్చాను. ఆయన అరుగు మీంచి లేచి వచ్చి చుట్టూ ఒకసారి తిరిగారు. చక్రాన్ని కాలితో నొక్కి చూశారు. "అతుకులు బాగున్నాయే" అన్నారు. తరవాత వెనక్కి వెళ్ళి పిడులు పట్టుకోబోయారు. ఆయన నాకంటే జానెడున్నర ఎత్తు. పిడులు అందుకోడానికి వంగాల్సి వచ్చింది. వంగితే మెడ కలుక్కుమంది కాబోలు, ఆగిపోయారు. సగం వంగినవారు వంగినట్టే పిడుల వంకా, నా వంకా చూశారు.

"ఎవరికి చేయించేవే ఇది?"

"గడ్డికి."

"అది కాదు."

"నేను తోల్తాను. కోడలు సాయం పడుద్ది. మీరు కూర్చోండి."

"నన్నో మాట అడగలేదేం?"

"అడిగితే ఏమంటారో తెలీదా నాకు?"

ఆయన నిటారుగా నిలబడి చేతులు దులుపుకున్నారు. దులుపుకోడానికి ఆ పిడుల మీద దుమ్మేం లేదు. "సరే" అన్నారు. ఆయ్ అనలేదు. సరే అన్నారు. ఆ తేడా నేను అప్పుడు పట్టించుకోలేదు. రాత్రికి బండి ముందు చక్రానికి కొబ్బరినూనె రాసి పడుకున్నాను.

మర్నాడు తోలడం మొదలుపెట్టాం. బండి బాగా నడిచింది. ఇది నేను గొప్పకి చెప్పడం లేదు. ఊయలలో చుట్ట పడుకుంటే పసిపిల్లలా కదలకుండా పడుకునేది. స్తంభాల వంతెన మీద ఒక్క చక్రం గీత గీసినట్టు వెళ్ళేది. కోడలు చేలో చుట్ట ఎత్తి పెట్టేది, నేను తోసుకొచ్చేదాన్ని. తోటలో గేదెలు రెండూ బండి చప్పుడికి చెవులు నిలబెట్టి చూసేవి. పద్ధెనిమిది చుట్టలు తెచ్చాను ఆ రోజు. ఆయన పాక ముందు మంచం వేసుకుని కూర్చున్నారు. మెడకి పట్టీ ఉంది. నేను తెచ్చిన ప్రతి చుట్టనీ చూశారు. ఎలా పేర్చాలో చెప్పలేదు. నేను అడగలేదు. పేర్చడం నాకు సరిగా రాలేదు, వరస వంకర పోయింది. ఆయన చూసి కూడా ఊరుకున్నారు.

రెండో రోజు పొద్దున్న పక్కచేను ఆవిడ గట్టు మీద ఎదురైంది. వరసకి మరదలు, నోరు పెద్దది.

"ఏంటండోయ్ వదినగారూ! ఈ వయసులో బండి తోల్తున్నారా? అన్నయ్యగారు ఊళ్ళో లేరేంటి?"

తోటలో ఆయన మంచం మీద ఉన్నారు. అక్కడికి మాట స్పష్టంగా వినపడుతుంది. ఆవిడకీ తెలుసు. నాకు ఒళ్ళు మండింది. ఆవిడ నోరు మూయించాలని గట్టిగా అన్నాను.

"ఉన్నారు. నేనే కూర్చోమన్నాను."

"ఓయమ్మో! మీరు కూర్చోమంటే కూర్చుంటారన్నమాట! మా ఇంట్లో మనిషికి కూడా ఆ మందేదో ఇప్పించండి వదినా" అని నవ్వుకుంటూ పోయింది.

నేను గెలిచాననుకున్నాను. బండి తోసుకుని పాక దగ్గరికి వచ్చేసరికి ఆయన మంచం మీద అటు తిరిగి పడుకుని ఉన్నారు. మధ్యాహ్నం అన్నం పెడితే రెండు ముద్దలు తిని లేచారు. వంకాయ కూర, ఆయనకిష్టమైనది. వృథా అవుతుందని కూర కోడలికి వేసేశాను.

మూడో రోజుకి ఇంకా ఇరవై ఆరు చుట్టలున్నాయి. పొద్దుటినుంచి ఉక్క. మధ్యాహ్నం దాటాక సముద్రం వైపునుంచి మబ్బు లేచింది. వేసంకాలపు వాన ఒక అరగంటే పడుతుంది, కానీ చుట్టకి ఆ అరగంట చాలు. మేటు మీద పడ్డ వాన జారిపోతుంది. చుట్ట మీద పడ్డ వాన నడిమధ్యకి దిగి లోపలే కూర్చుంటుంది. పైకి ఎండినట్టే ఉంటుంది, విప్పితే నల్లగా బూజు. మిగిలిన వాటి మీద కప్పుదామని బరకం కోసం ఇంట్లోకి పరిగెత్తాను. బరకం మడతల్లో ఎలకలు కొట్టిన చోట సూది పెట్టి రెండు కుట్లు వేసుకుని బయటికి వచ్చాను. ఎంతసేపని, ఒక పది నిమిషాలు.

పాక గుమ్మం దగ్గర నా బండి ఆనించి ఉంది. దాని పిడికి ఆయన మెడపట్టీ తగిలించి ఉంది. దూలానికి చుట్టకుదురు లేదు.

తల తిప్పి చూస్తే ఆయన స్తంభాల వంతెన అవతలి కొసన ఉన్నారు. నెత్తిన గడ్డిచుట్ట. చేతులు రెండూ వదిలేసి ఉన్నాయి. ఎప్పటిలాగే.

నేను అరవలేదు. వంతెన మీద మనిషిని అరిచి అదరగొట్టకూడదని ఊరుకున్నాను. ఆయన దాటారు. పాకదాకా వచ్చి, మెడ బిగించి, చుట్టని తనే వరసలో దింపారు. సరిగ్గా కూర్చుంది. అప్పుడు నా కేసి చూశారు. మొహం చెమటతో తడిసి ఉంది, కానీ ఆ మొహం చాలా రోజులకి ఆయన మొహంలా ఉంది.

అప్పుడైనా నేను ఒక మాట అని ఉండాలి. చాలండి, మీరు పేర్చండి, నేను తెస్తాను అని ఉంటే ఆగేవారేమో. వరస ఎలా పేర్చాలో అడిగి ఉంటే ఆగేవారేమో. నాకు ఆ బుద్ధి పుట్టలేదు. కోపం వచ్చింది. డాక్టరు దగ్గరికి తిరిగినవీ, ఎండలో స్టూలు మీద కూర్చుని బండి చేయించినదీ అన్నీ కళ్ళ ముందుకొచ్చాయి. చేలో కప్పమని బరకం కోడలి చేతిలో పడేసి, మెడపట్టీ తీసి మంచం మీదకి విసిరి, బండి తీసుకుని చేలోకి వెళ్ళిపోయాను. ఆయన నా వెనకే వచ్చారు. నేను బండి మీద ఒకటి, ఆయన నెత్తి మీద ఒకటి. నేను ముందు, ఆయన వెనక. రెండోది, మూడోది. చెరువు గట్టు మీద నడుస్తుంటే వెనక ఆయన ఊపిరి వినపడేది. తిరిగి చూడకూడదని పంతం.

నాలుగోది తెస్తుంటే చినుకు మొదలైంది. వెనక బుడుంగున నీళ్ళ చప్పుడు.

తిరిగి చూశాను. చుట్ట చెరువులో పడి తేలుతోంది. ఆయన గట్టు మీద నిలబడే ఉన్నారు, పడలేదు. తల వంచి కుడిచెయ్యి కేసి చూసుకుంటున్నారు. ఆ చెయ్యి ఎవరిదో తెచ్చి తన భుజానికి తగిలించినట్టు చూస్తున్నారు.

"ఏవండీ?"

"లేవట్లేదే" అన్నారు. అంతే. నెమ్మదిగా అన్నారు.

బండి మీదున్న చుట్టని గట్టు మీదే దొర్లించేశాను. ఆయన ఎడంచెయ్యి నా భుజం మీద వేసుకుని ఇంటికి తెచ్చాను. వంతెన మీద ఇద్దరికి చోటు లేదు. నేను వెనక్కి నడుస్తూ, ఆయన రెండు చేతులూ పట్టుకుని దాటించాను. ఒక చెయ్యి నా చేతిని పట్టుకుంది. రెండోది నేను పట్టుకుంటే ఉంది, అంతే.

ఆస్పత్రిలో ఇరవై రోజులు. నరం బాగా నలిగిందన్నారు. ఆపరేషను చేస్తే మెడకే ముప్పు రావచ్చు, చెయ్యకపోతే ఉన్నది ఉంటుంది అన్నారు. ఉన్నదాంతో ఇంటికొచ్చాం. భుజం కదులుతుంది. మోచెయ్యి కొంచెం మడుస్తారు. వేళ్ళు మాత్రం మూసుకోవు. పంచె నేనే కడతాను. అన్నం ఎడంచేత్తో తినాల్సి వచ్చింది. మొదటి రోజు కంచం ముందు చాలాసేపు కూర్చుండిపోయారు. కలిపి పెడతానంటే వద్దన్నారు. తరవాత కంచం తీసుకుని గోడ కేసి తిరిగి తిన్నారు. ఇప్పటికీ గోడ కేసి తిరిగే తింటారు. అటువైపు ఎవరూ వెళ్ళకుండా నేను గుమ్మంలో కూర్చుంటాను.

చెరువులో పడ్డ చుట్ట రెండు రోజులు తేలి, ఉబ్బి, మూడో రోజు మునిగిపోయిందట. చెరువు కౌలుదారు నీళ్ళు పాడైపోతాయని కేకలు వేద్దామని వచ్చి, అరుగు మీద ఆయన్ని చూసి, మంచినీళ్ళు అడిగి తాగి వెళ్ళిపోయాడు. బరకం చాలక చేలో తడిసిన చుట్టలు విప్పితే నల్లబారి ఉన్నాయి. గేదెలు మూతి పెట్టి వెనక్కి తీసుకున్నాయి. వాటిని కొబ్బరిమొక్కల మొదట్లో వేశాను. ఆ చుట్టకుదురు గట్టు మీద దొరికింది. కోడలు దాన్ని విప్పి గిన్నెలు దించే మసిగుడ్డకి వాడదామంది. నా ఇంట్లో పాతపేలిక దండగవదు, అందరికీ తెలుసు. దాన్ని మాత్రం ముట్టుకోవద్దన్నాను. మళ్ళీ దూలానికే తగిలించాను.

మరుసటేడు దాళ్వా కోతల ముందు నేను ఒంటిచక్రం బండిని ఆటోలో వేయించుకుని మళ్ళీ మలికిపురం వెళ్ళాను.

"అప్పుడు నాలుగు బోల్టులు పెడతానన్నావు. అవి పెట్టు."

షాపతను గుర్తుపట్టాడు. "అయ్యగారు కూడా తోల్తారాండి ఇప్పుడు?"

"పెట్టు నాయనా" అన్నాను.

అతను పిడులు కోసి, పైపులో పైపు పెట్టి, బోల్టులు బిగించి, పానా ఒకటి చేతిలో పెట్టాడు. పాత ఇనుముకి సరిపోవడం లేదంటే కొత్త పైపే వెయ్యమన్నాను.

ఆ ఏడు యాభై ఎనిమిది చుట్టలు. నేను తెచ్చాను. ఆయన పాక దగ్గర నిలబడి ఎడంచేత్తో చూపించారు. "అది అడ్డంగా పెట్టు. కాదు, కొస ఇటు. నీకెన్నిసార్లు చెప్పాలే, గాలి ఆడాలి మధ్యన." నేను ఆయన చెప్పినట్టే పెట్టాను. తప్పు అనిపించిన చోట కూడా అలాగే పెట్టాను. వరస తిన్నగా వచ్చింది.

రోజూ పని మొదలుపెట్టే ముందు పానా పెట్టి బోల్టులు వదులు చేసి పిడులు నా ఎత్తుకి దించుకుంటాను. పని అయ్యాక మళ్ళీ పైకి లేపి, ఆయన ఎత్తుకి బిగించి, బండిని పాక గోడకి ఆనిస్తాను. దానికి ఒక పావుగంట పడుతుంది రెండుపూటలా కలిపి. పావుగంటలో ఒక చుట్ట తేవచ్చు.

మూడు రోజులు చూసి ఆయన అడిగారు.

"ఎందుకే రోజూ ఆ బోల్టులతో కుస్తీ? నీ ఎత్తుకే ఉంచెయ్యరాదా?"

"కదపకపోతే తుప్పు పట్టి బిగుసుకుపోతాయి" అన్నాను.

ఆయన దగ్గరికి వచ్చి, "పానా ఇలా తే" అన్నారు.

ఇచ్చాను. ఎడంచేత్తో పట్టుకుని, కుడిచేతిని పైపు మీద ఆసరాకి పడేసి, నాలుగు బోల్టులూ బిగించారు. చాలాసేపు పట్టింది. రెండుసార్లు పానా జారి కింద పడింది. రెండుసార్లూ నేను వంగి తీసిచ్చాను. చివరి బోల్టు అయ్యాక పిడిని ఒకసారి ఊపి చూసి, "ఊఁ, గట్టిగానే ఉంది" అని పానా నాకిచ్చి, కాళ్ళు కడుక్కోడానికి నూతి దగ్గరికి వెళ్ళారు.

మర్నాడు పొద్దున్న ఆ బోల్టులు విప్పడానికి నాకు పానా అక్కర్లేకపోయింది. వేళ్ళతోనే వచ్చేశాయి.